ఏడో బ్లాకు సంఘ వ్యతిరేకులు

సౌజన్యనగర్ ప్రభుత్వ గృహ సముదాయంలో ఏడో బ్లాకు మాది. నాలుగు అంతస్తులు, పదహారు ఇళ్ళు, ఒకటే మెట్లదారి, పైన నీళ్ళ ట్యాంకు. ముప్ఫై ఏళ్ళు రిజిస్ట్రారు కచేరీ అరుగు మీద కూర్చుని దస్తావేజులు రాసినవాణ్ణి కాబట్టి నన్ను అందరూ లేఖరి గారంటారు. సత్యలింగం అనే నా అసలు పేరు ఓటర్ల జాబితాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మా బ్లాకులో సంఘ వ్యతిరేకులు ఉన్నారన్న సంగతి ప్రభుత్వం చెప్పేదాకా మాకు తెలియదు. తెలిశాక మాత్రం మేము సహకరించలేదని ఎవరూ అనలేరు.

ఆ సంగతి చెప్పడానికి ప్రవర్తన సంస్కరణాధికారి విరూపాక్షరావు గారు స్వయంగా వేంచేశారు. అంతకు ముందు అలాంటి ఉద్యోగం లేదు. ఎక్కడో ఏదో కాలనీలో పైఅంతస్తు నుంచి ఎవరో పారబోసిన కుడితి, తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి మీద పడిందట. దాని ఫలితంగా నలభై నాలుగు నిబంధనలూ, ఒక అధికారీ, ఒక జీపూ పుట్టాయి.

"సదరు గృహ సముదాయములో నివసించు యావన్మందికీ తెలియజేయునది ఏమనగా," అని ఆయన చేతిలో కాగితం లేకుండానే మొదలుపెట్టారు. ఆయన మాటే అంత. దాహమేస్తే కూడా "త్రాగునీరు సమకూర్చవలసినదిగా కోరడమైనది" అంటారు. ఆ నలభై నాలుగు నిబంధనలూ చదివి వినిపించారు. బాల్కనీలోంచి కూరల బండివాణ్ణి కేకవేసి పిలవడం తప్పు. తడిబట్టలు దులపడం తప్పు. మెట్ల మీద అకారణంగా ఆసీనులగుట తప్పు. సకారణంగా కూర్చోవాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి.

మొదటి నెల మా బ్లాకు నుంచి ఒక్క ఫిర్యాదూ వెళ్ళలేదు. మాలో మాకు గొడవలు లేక కాదు. నీళ్ళు వదిలే వేళ రోజుకి రెండు జరుగుతాయి, ఆదివారమైతే మూడు. అవి అక్కడే మొదలై అక్కడే అయిపోతాయి. ఎదురుగా నిలబడి తిట్టుకునే సౌకర్యం ఉండగా కాగితం ఖర్చు దేనికని మా ఉద్దేశం.

నెలాఖరుకి శాఖ నుంచి మెమో వచ్చింది. శూన్య నివేదిక ఆమోదయోగ్యం కాదట. కాలనీల్లో సంఘ వ్యతిరేకులు ఉన్నారని సర్వేలో తేలింది కనుక, లేరని చెప్పడం సర్వేని ధిక్కరించడమేనట. ఇకమీదట ప్రతి బ్లాకూ నెలకి కనీసం ఒక్కరినైనా గుర్తించి అప్పగించాలి, లేనిచో బ్లాకు మొత్తానికీ నీళ్ళు బంద్.

ఆ సాయంత్రం డాబా మీద సమావేశమయ్యాం. మా బ్లాకు పెద్ద భవాని. కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కొలతలు తీసే అలవాటు వల్ల కాబోలు, ఏ సమస్యనైనా ఒక్క చూపులో తేల్చేస్తుంది.

"దీనికింత ఆలోచనేంటండి? మెట్లు కడగడానికి వంతులు లేవా మనకి? ఇదీ అలాగే చేసుకుందాం," అంది.

మా మెట్ల వంతు సంగతి చెప్పాలి. ఎవరి వంతు వస్తే వాళ్ళ గుమ్మానికి ఒక చెక్కపలక తగిలిస్తాం. వాళ్ళు మెట్లు కడిగి, పలకని పక్కింటి గుమ్మానికి మార్చేస్తారు. ఆరేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు. అదే పద్ధతిలో ఇంకో పలక చేయించి, ఎర్రరంగు వేశాం. ఎర్రపలక ఎవరి గుమ్మానికుంటే ఆ నెల సంఘ వ్యతిరేకి వాళ్ళే. ఫిర్యాదు రాసే పని సహజంగానే నా మీద పడింది.

మొదటి వంతు కింద వాటాలో ఉండే ఆటో నూకరాజుది. ఆటో అడ్డంగా పెట్టాడని రాశాను. రెండోది భవానిది, కుట్టుమిషను చప్పుడు. నాలుగోది నాది, తెల్లవారుజామున పుక్కిలింత. శిక్ష ఏమిటంటే శాఖవారి కార్యాలయంలో ఒక మధ్యాహ్నం సత్ప్రవర్తన తరగతి. ఫ్యాను కింద కూర్చోబెట్టి, టీ, రెండు బిస్కెట్లు ఇచ్చి, పొరుగువారిని ప్రేమించమని చెబుతారు. నూకరాజు తిరిగొచ్చి, "బానే ఉందండి, మళ్ళీ మా వంతెప్పుడండి?" అని అడిగాడు.

ఇలా సాగుతున్న సంఘ వ్యతిరేకతని నా చేతులారా నేనే పాడుచేశాను. ఆ మాట దాచను.

పదో నెలలో పలక మూడో అంతస్తుకి ఎక్కి, 302లో వరహాలమ్మ గుమ్మానికి చేరింది. వరహాలమ్మ ఒంటరి మనిషి. మిరపకాయలు దంచి, కారం, కందిపొడి, కరివేపాకు పొడి చేసి రెండు మెస్సులకీ నాలుగు వీధులకీ పోస్తుంది. అదే ఆమె బతుకు. ఇరవై రెండేళ్ళు అద్దె ఇళ్ళల్లో ఉంటే, రోలు చూడగానే ప్రతి ఇంటివాళ్ళూ ఖాళీ చెయ్యమన్నవాళ్ళే. ప్రభుత్వం ఈ ఇల్లిచ్చిన రోజున ఆమె దేవుడి పటం కంటే ముందు రోలు పైకెక్కించింది. ఆటోస్టాండు వాళ్ళు నలుగురు మోశారు.

"దంచుడు గురించి రాసెయ్యండి లేఖరి గారూ. నేను చేసే గోల అదొక్కటేనండి," అంది. "కాత్త బాగా రాయండేం. మొన్న మూడో బ్లాకోళ్ళది బోర్డులో పెట్టారంట. మనది కూడా పెట్టాల."

ఆ మూడో బ్లాకు ఫిర్యాదు నేనూ చూశాను. వాక్యానికి ఒక కర్త లేదు, క్రియ లేదు. అలాంటిదాన్ని నోటీసు బోర్డులో పెట్టడం నా ముప్ఫై ఏళ్ళ వృత్తికి అవమానంగా తోచింది. కలం పట్టుకున్నాక నేను వరహాలమ్మని మర్చిపోయాను, భాష ఒక్కటే గుర్తుంది. ఆ రాత ఇలా సాగింది:

"సదరు రోకటిపోటు ధాటికి అంతస్తులు నాలుగును ఆకులవలె కంపించుచున్నవి. సదరు మిరపఘాటు మెట్లమార్గమున దిగివచ్చి, కుల వయో లింగ భేదము లేక అందరి కన్నులను సమముగా కాల్చుచున్నది. పసిబిడ్డలు పాలకై ఏడ్చుచున్నారో, కారమునకు ఏడ్చుచున్నారో తల్లులకే తెలియకున్నది. పదహారు కుటుంబముల కన్నీటితో మా మెట్లు కడుగబడుచున్నవి..."

ఇలా మూడు పేజీలు. చదివి వినిపిస్తే వరహాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇంత బాధ పెడతన్నానేటండి మిమ్మల్ని?" అంది పాపం. లేదమ్మా, ఇది సాహిత్యం అని సర్దిచెప్పాను.

వారం తిరక్కుండా విరూపాక్షరావు గారు అయిదుగురు సిబ్బందితో దిగారు. అలాంటి ఫిర్యాదు తమ శాఖ చరిత్రలోనే లేదన్నారు. శాఖకి అప్పటికి పదకొండు నెలల చరిత్ర ఉంది. అంతస్తుకొకరిని మెట్ల మీద నిలబెట్టి, మెడలో గడియారాలు వేయించి, వరహాలమ్మని దంచమన్నారు. ఆవిడ తనిఖీ కదా అని మంచి గుంటూరు కాయలే పోసి, శక్తికొద్దీ దంచింది.

"అశ్రుపాతము నాలుగవ నిమిషమున ప్రారంభమైనది," అని విరూపాక్షరావు గారు కళ్ళు మూసుకునే రాయించారు. "రెండవ అంతస్తునందు గాజుగ్లాసులోని నీరు తొణికినది. మొదటి అంతస్తునందు సిబ్బందిలో ఒకడు తుమ్మి, గడియారమును జారవిడిచినాడు. ఫిర్యాదులోని ప్రతి అక్షరమూ రుజువైనది!"

ముఖం కడుక్కుని వచ్చి నా చేయి పట్టుకున్నారు. "మీవంటి పౌరులున్నందుననే చట్టములు ముందుకు సాగుచున్నవి," అన్నారు. నాకు చాలా సంతోషం వేసింది.

రెండు నెలలకి చట్టం నిజంగానే ముందుకు సాగింది. సంఘ వ్యతిరేక ప్రవర్తనకి తరగతులూ బిస్కెట్లూ చాలవనీ, ప్రథమాపరాధమునే చరమాపరాధముగా పరిగణించి ఇల్లు ఖాళీ చేయించవలెననీ సవరణ వచ్చింది. ఆ సవరణకి పీఠికగా నా మూడు పేజీలూ యథాతథంగా అచ్చువేశారు. ఒక్క పదం మార్చలేదు. నేను దాన్ని లామినేషన్ చేయించి గోడకి తగిలించాను. మేకు కొడుతుండగా భవాని ఇంకో కాగితం పట్టుకుని వచ్చింది. పీఠికలో ఉదహరించిన కేసుతోనే చట్టం అమలు ప్రారంభించాలని పైవాళ్ళు నిర్ణయించారట. 302 నివాసి వరహాలమ్మ పదిహేను రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి.

నేను సుత్తి కింద పెట్టాను. మనిషిని చంపినవాడికి ఎలా ఉంటుందో తెలియదు గాని, నాకు ఆ క్షణంలో అలాగే ఉంది.

పైకి వెళితే వరహాలమ్మ దంచడం ఆపి, రోలు పక్కన కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మీరేం చేత్తారండి, వంతు వచ్చింది," అంది. "అయినా ఇంటివాళ్ళంటే ఆళ్ళ ఇల్లు కాబట్టి పొమ్మన్నారు. ఇది నాదని కాయితం ఇచ్చారు కదండి. ఇచ్చినాళ్ళే పొమ్మంటే ఎక్కడికెల్తామండి?"

మర్నాడే శాఖ కార్యాలయానికి పరిగెత్తాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాను. విరూపాక్షరావు గారు ముప్ఫై ఒకటో నిబంధన తీశారు.

"ఉపసంహరించుకొనుట అనగా ఫిర్యాదు అసత్యమని అంగీకరించుట. అసత్య ఫిర్యాదు స్వయముగా సంఘ వ్యతిరేక ప్రవర్తన. కావున తమరి గృహము కూడా ఖాళీ చేయించవలసి వచ్చును."

"చేయించండి. ఆవిడని ఉండనివ్వండి."

"ఆమె ఎట్లుండును? అసత్య ఫిర్యాదుకు తోడ్పడినది కదా! తనిఖీలో అంత శ్రద్ధగా దంచినది!" అని, కొంచెం మెత్తబడి, "దిగులుపడకుడు. ఖాళీ చేసిన పిదప ఆమెకు ఇల్లు లేనందున, ఇల్లు లేనివారి పథకమునకు అర్హురాలగును. నిరీక్షణ జాబితాలో పేరు చేర్చుకొనవచ్చును. ప్రస్తుతము నాలుగు వేల మంది ముందున్నారు," అన్నారు.

ఇంటికొచ్చి మూడు రోజులు గృహ కేటాయింపుల నిబంధనల పుస్తకం ముందేసుకు కూర్చున్నాను. భూతద్దం పెట్టి చదివాను. పరాయివాళ్ళ పొలం గట్టు తగాదాల్లో ఇలాంటి పుస్తకాలు ఎన్ని చదవలేదు! నా సొంత తప్పు దిద్దుకోవడానికి చదవడం ఇదే మొదలు. మూడో రోజు మధ్యాహ్నం, నూట పన్నెండో పేజీ అడుగున, ఎప్పుడో తుఫాను రోజుల్లో చేర్చిన ఒక ఉపనిబంధన కనిపించింది. ఏ కారణము చేతనైనను ఒక బ్లాకు యావత్తు ఒకే దినమున ఖాళీ అయినచో, అందలి కుటుంబములన్నింటికీ, జాబితాతో నిమిత్తము లేకుండా, అదే దినము సాయంకాలము లోగా ఖాళీగానున్న ప్రభుత్వ గృహములు లాటరీ ద్వారా కేటాయించవలెను. కేటాయించని అధికారి సంజాయిషీ ఇచ్చుకొనవలెను.

డాబా మీద మళ్ళీ సమావేశం. నూకరాజు నా మీద ఒంటికాలి మీద లేచాడు.

"మెట్ల వంతుకైతే బకెట్టు నీళ్ళు పోతాయండి. ఈ వంతుకి కొంప పోద్దని మీరు చెప్పలేదేటండి? అంత అందంగా ఎవరు రాయమన్నారండి మిమ్మల్ని?"

ఉపనిబంధన చదివి వినిపించాను. మనమందరం ఒకరి మీద ఒకరు ఫిర్యాదు పెట్టుకుంటే అందరికీ నోటీసులొస్తాయని, అందరం ఒకేరోజు దిగుదామని చెప్పాను.

"సాయంత్రానికి ఇవ్వకపోతే?" అని భవాని అడిగింది.

"ఇవ్వకపోతే పదహారు కుటుంబాలూ రోడ్డు మీదే."

వరహాలమ్మే లేచి, "వద్దండి. నా ఒక్కదాని కోసం ఇంతమంది..." అంది.

"నీ కోసమని ఎవరన్నారు పిన్నీ?" అంది భవాని. "వచ్చే నెల పలక ఎవరి గుమ్మానికి? ఎవరిదైతేనేం, నెలకొకరం పోవాల్సిందే కదా. పోయేదేదో అందరం కలిసి పోదాం." ఆ లెక్క ఎవరూ కాదనలేకపోయారు.

వరహాలమ్మది కాక మిగతా పదిహేను ఫిర్యాదులూ ఒక్క పూటలో రాశాను. ఒక్కొక్కటీ రెండేసి వాక్యాలు. వాటిని చూసి విరూపాక్షరావు గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఒక బ్లాకులో నూటికి నూరు శాతం సంఘ వ్యతిరేకులు దొరకడం అనేది ఇంకే జిల్లాలోనూ లేదట. వరహాలమ్మ గడువు ముగిసే సోమవారానికే అందరికీ ముహూర్తం పెట్టించారు.

ఆ ఉదయం పది గంటలకి మంచాలు, బిందెలు, గ్యాసు సిలిండర్లు, భవాని కుట్టుమిషను, అన్నీ రోడ్డు మీదకి వచ్చాయి. రోలు ఒక్కటే దిగలేదు. సిబ్బంది ఆరుగురు పట్టి చూసి, "కదల్చ వీలుపడని స్థిరాస్తి" అని రాసుకుని తలుపు సీలు వేశారు. విరూపాక్షరావు గారు మా సామాన్ల ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు.

"సంఘ వ్యతిరేకతను సమూలముగా నిర్మూలించడమైనది," అన్నారు.

నేను వినయంగా అర్జీ అందించాను. ఆయన చదివారు. మళ్ళీ చదివారు. సంజాయిషీ అన్న పదం దగ్గర వేలు పెట్టి ఆగిపోయారు. ఆ తరువాత నాలుగు గంటలు ఫోన్లే ఫోన్లు. మేము రోడ్డు పక్కనే పొయ్యి వెలిగించి, అందరికీ కలిపి పప్పుచారు కాచుకున్నాం. ధైర్యంగా ఉన్నట్టు నటించాం గాని, మూడయ్యేసరికి భవాని కూడా గడియారం చూడ్డం మొదలుపెట్టింది. వరహాలమ్మ సీలు వేసిన తన ఇంటి కిటికీ వంక చూస్తూ కంచం పక్కన పెట్టేసింది. నేను రాసిన వాక్యాలు ఒక్కొక్కటీ నాకు గుర్తుకొచ్చాయి.

నాలుగున్నరకి ఆయన ఫోను జేబులో పెట్టుకుని వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"జిల్లా యావత్తు గాలించగా, సౌజన్యనగర్ ఏడవ బ్లాకునందు సరిగ్గా పదహారు గృహములు ఖాళీగా నున్నట్లు ఇప్పుడే తెలియవచ్చినది."

"ఎలా ఖాళీ అయ్యాయండి?" అని నూకరాజు అమాయకంగా అడిగాడు.

"ఆ సమాచారము వేరొక సెక్షను పరిధిలోనిది," అన్నారాయన.

భవాని బిందెలో చీటీలు వేసి లాటరీ తీశారు. చట్టం కదా, ఎవరి పాత ఇల్లు వాళ్ళకి ఇవ్వడానికి వీల్లేదు, చీటీలో ఏది వస్తే అది. వరహాలమ్మకి మొదటి అంతస్తులో నా 104 వచ్చింది. నా చీటీ విప్పితే 302. ఆవిడ చీటీ చదివించుకుని, పైకి ఒకసారి చూసి, "రోలు అక్కడే ఉండిపోయిందండి," అని మాత్రం అంది.

ఇళ్ళు మార్చుకోవడం నలభైయో నిబంధన ప్రకారం పెద్ద నేరం. జీపు మలుపు తిరిగేదాకా ఆగాం. మంచాలెత్తుకుని ఎవరి పాత ఇంట్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం. తలుపుల మీద ప్రభుత్వం అంటించిన పేర్లు మాత్రం అలాగే ఉంచాం. ఇవాళ్టికీ మా బ్లాకులో ఒక్కరూ రికార్డుల్లో ఉన్న ఇంట్లో ఉండటం లేదు. విరూపాక్షరావు గారికి రెండు ప్రశంసాపత్రాలు వచ్చాయి, నిర్మూలనకి ఒకటి, పునరావాసానికి ఒకటి.

అయితే ఒక్క రోజులో పదహారు కుటుంబాల్ని దించి ఎక్కించడానికి తొమ్మిది వందల సంతకాలు పట్టాయట. ఇంత చాకిరీ ఉన్న చట్టం తమవల్ల కాదని సిబ్బంది మొరపెట్టుకుంటే, మళ్ళీ సవరించారు. ఇప్పుడు మొదటి తప్పుకి మళ్ళీ తరగతీ, టీయే. బిస్కెట్లు తీసేశారు. నెలకి ఒక్కరు చొప్పున అప్పగించాలన్న నిబంధన మాత్రం పోలేదు.

డాబా మీద చివరి సమావేశంలో బ్లాకు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇకమీదట వంతులు లేవు, ప్రతి నెలా సంఘ వ్యతిరేకిని నేనే. నేరం కూడా వాళ్ళే ఖాయం చేశారు. రికార్డుల ప్రకారం 302లో ఉంటున్నది నేను కాబట్టి, అక్కడ కారం దంచుతున్నదీ నేనే. నామీద ఫిర్యాదు రాయాల్సిందీ నేనే. విశేషణాలు వాడకూడదని భవాని షరతు పెట్టింది. ఒప్పుకున్నాను.

మొన్న మొదటి నోటీసు వచ్చింది. "302 నివాసి సత్యలింగం మిరపకాయలు దంచి ఇరుగుపొరుగువారిని ఇబ్బంది పెడుతున్నాడు" అని నా మాటే నాకు తిప్పి పంపారు. దాన్ని పట్టుకుని మూడో అంతస్తు ఎక్కాను. తరగతి అయ్యేదాకా ఒక రెండు రోజులు దంచుడు ఆపమ్మా అని చెబుదామని నా ఉద్దేశం. వరహాలమ్మ తలుపు తీసి, నోటీసు చదివించుకుని, గోడకి ఆనించిన రోకలి తీసి నా చేతికిచ్చింది.

"నాకెక్కడ చేతనవుతుందమ్మా, కలం తప్ప పట్టి ఎరగను," అన్నాను.

"మీ పేరు మీదే కదండి వచ్చింది," అంది. "రెండు వీశెల కాయలున్నాయి. కానివ్వండి."

దంచాను. గంటసేపు దంచాను. అరచేతులు బొబ్బలెక్కాయి, కింద నుంచి నూకరాజు తుమ్ములు వినిపించాయి. ముప్ఫై ఏళ్ళలో నేను రాసిన కాగితాలన్నిటిలోనూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నిజమైనది ఆ ఒక్క ఫిర్యాదే.